పరిశోధన పత్రంలో ఎవరి పని ఎంత? దరఖాస్తులో ఒక గడి చేర్చండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో జిల్లా పేజీల్లో ఒకే తీరు వార్త వస్తుంది. ‘ప్రపంచంలోని అగ్రశ్రేణి 2 శాతం శాస్త్రవేత్తల్లో మన ఆచార్యుడు’ అని శీర్షిక, శాలువాతో ఫొటో, కింద ‘స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ప్రకటించింది’ అని ఒక మాట. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ పేజీలు దేనికదే వేసుకుంటాయి. ఆ ఆచార్యుల శ్రమను తక్కువ చేయాలని మాకు లేదు. ఆ జాబితా దేన్ని లెక్కపెడుతుందో, దేన్ని లెక్కపెట్టలేదో మాత్రం వార్తలో ఎక్కడా కనబడదు. అందుకే ఈ ఉత్తరం. ఒక్కో పత్రంలో అభ్యర్థి చేసిన పని ఏమిటో అధ్యాపకుల నియామక, ప్రమోషన్ దరఖాస్తుల్లోనే అడగాలన్నది మా విజ్ఞప్తి.

అది బిరుదు కాదు, కమిటీ కూర్చుని ఇచ్చిన అవార్డూ కాదు. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే జాన్ అయోనిడిస్, ఆయన సహచరులు పరిశోధన పత్రాల వివరాలుండే స్కోపస్ డేటాబేస్‌లోని సైటేషన్లను (ఒక పత్రాన్ని ఇతర పత్రాలు ఉటంకించిన సందర్భాలను) కూడి 2019 నుంచి బయట పెడుతున్న పట్టిక. పరిశోధనను 22 రంగాలు, 174 ఉపరంగాలుగా విడదీసి, ఏ ఉపరంగంలో ఎవరు ఎక్కడున్నారో చూస్తారు. అందులోనూ రెండు పట్టికలుంటాయి. ఒకటి మొత్తం వృత్తి జీవితానిది, రెండోది ఒక్క ఏడాదిది. మన వార్తల్లో ఏది ఏదో రాయరు. సొంత పత్రాలను తామే ఉటంకించుకున్న సైటేషన్లు తీసేస్తే ర్యాంకు ఎంతో కూడా ఆ పట్టికలోనే ఇస్తారు. దాన్నీ రాయరు.

ఆ పట్టిక స్కోరు 6 అంశాలతో తయారవుతుంది: మొత్తం సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ (దీని లెక్క కింద చెబుతాం), సహరచయితల సంఖ్యను బట్టి తగ్గించిన హెచ్ఎం-ఇండెక్స్, ఒంటరిగా రాసిన పత్రాలకు వచ్చిన సైటేషన్లు, ఒంటరిగా గానీ మొదటి పేరుతో గానీ రాసినవాటికి వచ్చినవి, ఆ రెండింటికీ చివరి పేరు ఉన్నవి కూడా కలిపితే వచ్చినవి. ఆరింటిలో నాలుగు పేర్ల సంఖ్య మీద, వరుస మీద ఆధారపడినవే. అంటే పేరు ఉండటం వేరు, పని చేయడం వేరు అన్న అనుమానం పట్టిక చేసినవాళ్లకే ఉంది. కానీ వాళ్ల చేతిలో ఉన్నది పేరు ఎక్కడుందన్న సమాచారమే. ఆ మనిషి ఏం చేశాడన్నది వాళ్ల దగ్గర లేదు. మన విశ్వవిద్యాలయాల దరఖాస్తుల్లోనూ లేదు. వాళ్లది ప్రపంచమంతటి డేటా, అడగడం కుదరదు. మన దగ్గర అభ్యర్థి ఎదురుగానే కూర్చుంటాడు, అయినా అడగం.

అడగకపోతే ఏమవుతుందో ఒక లెక్కతో చూపిస్తాం. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2018 నిబంధనల్లో అధ్యాపకుల పరిశోధన స్కోరు పట్టిక ఉంది. సైన్సు విభాగాల్లో ఒక పత్రానికి 8 పాయింట్లు, ఆర్ట్స్, భాషలు, సామాజిక శాస్త్రాల్లో 10. ఇద్దరు రచయితలుంటే ఒక్కొక్కరికి 70 శాతం. ఇద్దరికి మించితే మొదటి లేదా ప్రధాన లేదా కరస్పాండింగ్ రచయితకు (జర్నల్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపేవారికి) 70 శాతం, మిగతావాళ్లలో ప్రతి ఒక్కరికీ 30 శాతం. ఆ ‘ప్రతి ఒక్కరికీ’ దగ్గర ఆగి చూడండి.

సైన్సు పత్రం ఒక్కరు రాస్తే 8. ఇద్దరు రాస్తే చెరి 5.6, మొత్తం 11.2. ముగ్గురైతే 5.6, 2.4, 2.4, మొత్తం 10.4. ఆరుగురైతే 17.6. పదిమందైతే 27.2. పత్రం ఒకటే, పని అంతే, పంచిపెట్టిన పాయింట్లు మాత్రం ముగ్గురు దాటాక పేరు పేరుకూ పెరుగుతూ పోతాయి. ముగ్గురున్న పత్రంలో నాలుగో పేరు, ఐదో పేరు చేర్చినందువల్ల అప్పటికే ఉన్నవాళ్లకు ఒక్క పాయింటు కూడా తగ్గదు. ఇక కాదనాల్సిన అవసరం ఎవరికి?

ఇప్పుడు ఆరుగురు స్నేహితులు తలా ఒక పత్రం రాశారనుకోండి. ఎవరిది వాళ్లే వేసుకుంటే ఒక్కొక్కరికి 8 పాయింట్లు, 1 ప్రచురణ. అవే 6 పత్రాల మీద ఆరుగురి పేర్లూ వేసుకుని, ఎవరు రాసినదానిలో వాళ్లు మొదట ఉంటే ఒక్కొక్కరికి 5.6కు తోడు ఐదు 2.4లు, వెరసి 17.6 పాయింట్లు, 6 ప్రచురణలు. ఒక్క అక్షరం అదనంగా రాయకుండానే స్కోరు రెట్టింపు దాటింది. ప్రొఫెసర్ ఉద్యోగానికి ఆ నిబంధనలు అడిగేది కనీసం 10 ప్రచురణలు, 120 స్కోరు; అసోసియేట్‌కు 7 ప్రచురణలు, 75 స్కోరు. ఈ లెక్క వచ్చినవాళ్లు ఎవరైనా ఏం చేస్తారో చెప్పనక్కర్లేదు. మనుషుల నీతి గురించి సెమినార్లు పెట్టేకన్నా ముందు ఈ గుణకారం చూడాలి.

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను బట్టి పాయింట్లు ఇంకా పెరుగుతాయి. అది జర్నల్‌కు సంబంధించిన సగటు, మీ పత్రానికి సంబంధించింది కాదు. గత రెండేళ్లలో ఆ జర్నల్ వేసిన పత్రాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను ఆ పత్రాల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకె. ఆ సగటులో ఎక్కువ భాగం కొద్ది పత్రాలు తెచ్చినదే అయి ఉంటుంది. నిబంధనలో ‘థామ్సన్ రాయిటర్స్ జాబితా ప్రకారం’ అని ఉంది. ఆ వ్యాపారం 2016లోనే చేతులు మారి క్లారివేట్ అయింది. 2018లో అచ్చయిన నిబంధనకు ఆ కబురు అందలేదు.

‘మొదటి లేదా ప్రధాన లేదా కరస్పాండింగ్’ అన్నదీ పేచీయే. మొదటి రచయిత ఒకరు, కరస్పాండింగ్ రచయిత ఇంకొకరు అయితే 70 శాతం ఇద్దరికా, ఒక్కరికా? ఆ మూడు మాటల మధ్య ఉన్న అడ్డగీతలను ఒక కమిటీ ఒక తీరుగా చదువుతుంది, మరో కమిటీ ఇంకో తీరుగా చదువుతుంది. గణితంలో పేర్లు అక్షర క్రమంలో వేయడం ఆనవాయితీ. ముగ్గురు కలిసి ఒక సిద్ధాంతం నిరూపిస్తే ఇంటిపేరు ఆకుల అయినవారు మొదట వస్తారు, వేముల అయినవారు చివరికి పోతారు. పట్టిక ప్రకారం ఒకరికి 70, ఇంకొకరికి 30. తేడా ఇంగ్లిషు అక్షరమాలది. కణ భౌతిక శాస్త్రంలో అయితే అసలు లెక్కే కుదరదు. హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద 2015లో వచ్చిన పత్రానికి 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లూ సంస్థలే.

వైద్య కళాశాలల్లో ఇదే ఇంకో రూపం. జాతీయ వైద్య కమిషన్ 2022లో ఇచ్చిన అర్హతల నిబంధనల్లో, పత్రం లెక్కకు రావాలంటే అధ్యాపకుడు మొదటి ముగ్గురిలో ఒకరైనా, కరస్పాండింగ్ రచయితైనా అయి ఉండాలని ఉండేది; 2025లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. ఆ పాత షరతుతో పోటీ మూడో స్థానం కోసం నడిచింది. రోగుల డేటా మొత్తం విశ్లేషించిన గణాంక నిపుణుడు నాలుగోవాడైతే ఆ పత్రం అతనికి ఉన్నా లేనట్టే అయ్యేది.

హెచ్-ఇండెక్స్ గురించి ఒక మాట. 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించారు. ఒకరి 5 పత్రాలకు వరుసగా 30, 12, 6, 4, 1 సైటేషన్లు ఉన్నాయనుకుందాం. కనీసం 4 సైటేషన్లున్న పత్రాలు 4 ఉన్నాయి, కాబట్టి హెచ్ 4. ఈ లెక్కకు రచయితలు ఎందరన్నది పట్టదు. ఇప్పుడు ఆ పత్రాల మీద వరుసగా 2, 5, 5, 10, 4 పేర్లున్నాయనుకోండి. హెచ్ఎం-ఇండెక్స్‌లో ఒక్కో పత్రాన్ని ఒకటిగా కాక, పేర్ల సంఖ్యతో భాగించిన వంతుగా కూడుతారు: 0.5, 0.7, 0.9, 1.0. నాలుగో పత్రం దగ్గర 1.0, దానికి సైటేషన్లు 4, సరే. ఐదో పత్రంతో 1.25 అవుతుంది, దానికి ఉన్నది 1 సైటేషనే, అక్కడ ఆగిపోతుంది. హెచ్ 4 ఉన్న మనిషికి హెచ్ఎం 1. గూగుల్ స్కాలర్ ప్రొఫైల్‌లో కనబడేది మొదటి అంకె. బయోడేటాలో ఎక్కేదీ అదే.

అలాగని పేర్ల సంఖ్యతో భాగించేస్తే తీరిపోతుందా అంటే, తీరదు. పై ఆరుగురు స్నేహితుల ఎత్తు చిత్తవుతుంది, నిజమే. కానీ నిజంగా ఆరుగురి చేతులు పడితేనే అయ్యే పనులున్నాయి. వాళ్లకు తలా 1.33 పాయింట్లిస్తే ఇక ఎవరూ ఎవరితో కలవరు. ఎన్ని పేర్లు అన్న లెక్కను ఎటు తిప్పినా పని బయటపడదు. పని అడిగితేనే తెలుస్తుంది.

అడగడానికి కొలత ఉంది. వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నాలుగు షరతులు పెట్టింది. పరిశోధన ఆలోచనలో, రూపకల్పనలో గానీ, డేటా సేకరణ, విశ్లేషణ, అన్వయంలో గానీ గణనీయమైన పాలు ఉండాలి. పత్రం చిత్తుప్రతి రాయడమో, దాన్ని విషయపరంగా నిశితంగా దిద్దడమో చేయాలి. చివరి ప్రతిని చదివి ఒప్పుకోవాలి. రేపు ఏ భాగం మీద అనుమానం వచ్చినా జవాబు చెప్పే బాధ్యత తీసుకోవాలి. నాలుగూ ఉంటేనే రచయిత. నిధులు తేవడం ఒక్కటే, విభాగానికి పెద్దగా ఉండటం ఒక్కటే చాలదని ఆ కమిటీ విడిగా రాసింది కూడా.

మన ప్రాంతపు పనికి దీన్ని అన్వయించి చూద్దాం. 2021లో మిర్చి తోటలను పాడుచేసిన నల్ల తామర పురుగు మీద ఒక అధ్యయనం అనుకోండి. స్కాలర్ ప్రశ్న తయారుచేసింది. ఏ తోటలు, ఎన్ని మొక్కలు, మొక్కకు ఎన్ని పూలు, ఏ పూట కోయాలి అన్నది గైడ్‌తో కూర్చుని తేల్చింది. ఫీల్డ్ అసిస్టెంట్ వారం వారం పూలు కోసి ఆల్కహాల్ సీసాల్లో వేసి, చీటీలు రాసి తెచ్చాడు. కీటక శాస్త్రవేత్త ఒకరు సూక్ష్మదర్శినిలో చూసి ఇది ఫలానా జాతి అని తేల్చారు. ఇంకొకరు గణాంకాలు చేశారు. రైతు తోట ఇచ్చి, ఏ రోజు ఏ మందు కొట్టాడో లెక్క చెప్పాడు. విభాగాధిపతి సంతకం పెట్టి జీపు ఇప్పించారు.

చెప్పిన పద్ధతిలో పూలు కోసి తెచ్చినంతవరకు అసిస్టెంట్‌కు కృతజ్ఞతల్లో చోటు. కానీ పొద్దున కోసిన పూలలో, మధ్యాహ్నం కోసినవాటిలో పురుగుల సంఖ్య తేడాగా ఉందని గుర్తుపట్టి పద్ధతి మార్పించింది అతనే అయితే మొదటి షరతు తీరినట్టే. అప్పుడు చిత్తుప్రతి అతని చేతికి వెళ్లాలి. ఇక్కడే మన దగ్గర చాలాచోట్ల తప్పు జరుగుతుంది. ‘రాయడంలో పాల్గొనలేదు కదా’ అంటూ పేరు తీసేస్తారు. ప్రతి చూపిస్తే కదా పాల్గొనేది! మొదటి షరతు తీరిన ప్రతివారికీ మిగతా మూడూ తీర్చుకునే అవకాశం ఇవ్వాలనీ, మనుషులను తప్పించడానికి ఈ షరతులను వాడకూడదనీ ఆ కమిటీ స్పష్టంగానే చెప్పింది. కీటక శాస్త్రవేత్త జాతి పేరు చెప్పి ఊరుకుంటే కృతజ్ఞత, ఆ గుర్తింపు మీదే పత్రం నిలబడి దాని అన్వయం ఆయనదే అయితే రచయిత. గణాంకాలూ అంతే. జీపుకు కృతజ్ఞత చాలు.

కృతజ్ఞతల్లో పేరు వేసేటప్పుడు వాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. పత్రంలోని నిర్ధారణలను వాళ్లూ ఒప్పుకున్నట్టు చదివేవాళ్లు అనుకునే వీలుంది. ములుగు, భూపాలపల్లి వైపు కోయ గూడేల్లో సర్వేలు చేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అక్కడ మాట అందించి, ప్రశ్నలను వాళ్ల భాషలోకి మార్చి, ఏ ప్రశ్న ఎవరిని అడగకూడదో చెప్పే స్థానికులు లేకపోతే ఒక్క ఫారం నిండదు. పత్రాల్లో వాళ్లు ‘స్థానిక సహాయం’ అన్న రెండు మాటలుగా మిగులుతారు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

గైడ్ సంగతి. పని చేసిన గైడ్ పేరు ఉండాల్సిందే, దాని మీద తగాదా లేదు. పత్రం చదవకుండానే చివరి పేరుగా కూర్చునే గైడ్ గురించే బాధ. ఆ పేరు తీసేయమని స్కాలర్‌కు సలహా ఇవ్వడం తేలిక. తీసేస్తే మరుసటి ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకం ఎవరు పెడతారు? అందుకే ఈ పని స్కాలర్ ధైర్యానికి వదలకుండా ఫారంలోకి రావాలంటున్నాం.

చదవకుండా పేరు పెట్టుకుంటే ఏమవుతుందో కోవిడ్ కాలంలో అందరూ చూశారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద లాన్సెట్‌లో 2020 మే 22న వచ్చిన పత్రాన్ని జూన్ 4న వెనక్కి తీసుకున్నారు. నలుగురు రచయితల్లో డేటా ఒక్కరి కంపెనీది. మిగతా ముగ్గురు అసలు డేటాను చూడలేదు, అడిగినా కంపెనీ బయటి పరిశీలకులకు ఇవ్వలేదు. ఆ ముగ్గురే పత్రాన్ని ఉపసంహరించమని కోరారు. పేరున్న జర్నల్, పేరున్న ఆసుపత్రులు, 13 రోజులు. ఉపసంహరణ నోటీసు మాత్రం అందరి పేర్ల మీదా శాశ్వతం.

పేర్లు అమ్మే వ్యాపారం సంగతి మీ పాఠకులకు కొత్త కాకపోవచ్చు. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో పత్రం శీర్షిక, జర్నల్ స్థాయి, మొదటి పేరుకు ఇంత, రెండో పేరుకు ఇంత అని రేట్లు తిరుగుతాయి. కమిటీ సభ్యులు పట్టుకోవడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. పత్రం పంపినప్పుడు లేని పేర్లు రివిజన్‌లో చేరడం; విషయంతో సంబంధం లేని విభాగాలవాళ్లు, ఎన్నడూ కలిసి పనిచేయని వేర్వేరు దేశాలవాళ్లు ఒకే పత్రంలో ఉండటం; సంస్థ ఈమెయిల్ కాకుండా ఎవరి పేరుతోనూ పోలని ఉచిత ఈమెయిల్; ఒకే ఏడాదిలో ఒకే మనిషికి కాంక్రీటు మీద ఒకటి, క్యాన్సర్ మీద ఒకటి. ఇంకో పాత ఎత్తు ఏమిటంటే, పత్రం పంపేవారే సహరచయితల పేరుతో ఈమెయిళ్లు సృష్టించి, జర్నల్ నుంచి వచ్చే ధ్రువీకరణ లింకులు తామే నొక్కేయడం. అలాంటప్పుడు తమ పేరు ఉన్నట్టే కొందరికి తెలియదు.

ప్లేజరిజం (ఇతరుల రాతను కాపీ కొట్టడం) పట్టే సాఫ్ట్‌వేర్ ఇవేవీ పట్టదు. యూజీసీ 2018లో తెచ్చిన ప్లేజరిజం నిబంధనలు 10 శాతం, 40 శాతం, 60 శాతం పోలికల చుట్టూ తిరుగుతాయి. ఐదుగురి పేర్లు ఉత్తినే ఉన్న పత్రం 2 శాతం పోలికతో నిక్షేపంగా బయటపడుతుంది. ఆ నిబంధనల కింద విభాగంలో ఒక ప్యానెల్, సంస్థలో ఒక ప్యానెల్ ఎలాగూ ఉండాలి. పేర్ల తగాదాలనూ వాటికే అప్పగిస్తే కొత్త కమిటీ అక్కర్లేదు. జర్నల్ ఎడిటర్‌కు రాస్తే లాభం లేదు. ఎవరు రచయిత అన్న పంచాయితీ తాము చేయమని, సంస్థే తేల్చాలని చెబుతారు. పద్ధతి కూడా అదే.

కృత్రిమ మేధ సాధనాలను రచయితలుగా వేయకూడదని 2023లోనే ప్రధాన జర్నళ్లు, ప్రచురణ నీతి సంస్థలు తేల్చాయి. వాడితే ఎక్కడ, ఎందుకు వాడారో చెప్పాలి. కారణం నాలుగో షరతే, యంత్రం జవాబుదారీ కాలేదు. (1975లో ఒక అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ఒంటరిగా రాసిన పత్రంలో అంతటా ‘మేము’ అని టైపు చేశాడు. మళ్లీ టైపు చేయలేక తన పిల్లిని సహరచయితగా చేర్చాడు. ఫిజికల్ రివ్యూ లెటర్స్ దాన్ని వేసింది. అప్పట్లో అందరూ నవ్వుకున్నారు.)

ఇక చేయాల్సినవి. పని మొదలయ్యే ముందే ఒక పేజీ ఒప్పందం రాసుకోవాలి. ఎవరు ఏ పని చేస్తారు, ప్రస్తుతానికి పేర్ల వరుస ఏమిటి, మధ్యలో ఎవరైనా వెళ్లిపోతే వారి భాగం ఏమవుతుంది, ఎవరి మెయిల్ నుంచి జర్నల్‌కు వెళ్తుంది. కింద తేదీ, సంతకాలు. డేటా అయిపోయాక, చిత్తుప్రతికి ముందు, జర్నల్‌కు పంపే ముందు ఆ పేజీ మళ్లీ తీసి చూసుకోవాలి, పని మారితే వరుసా మారాలి. గొడవలన్నీ చివర్లో వస్తాయి, ఎందుకంటే అప్పటికి మొదట్లో ఎవరేం అన్నారో ఎవరికీ గుర్తుండదు. పంపాక పేరు చేర్చాలన్నా తీయాలన్నా రచయితలందరి సంతకాలు, కారణం జర్నల్ అడుగుతుంది.

పనిని ఎలా పేర్కొనాలన్న దానికి క్రెడిట్ అనే పద్ధతి ఉంది. 14 పాత్రలు. ఆలోచన, పద్ధతి, పరిశోధన నిర్వహణ, డేటా భద్రపరచడం, విశ్లేషణ, సాఫ్ట్‌వేర్, ధ్రువీకరణ, నిధులు, పర్యవేక్షణ, చిత్తుప్రతి రాయడం, దిద్దడం వగైరా. 2022 నుంచి అది అమెరికా జాతీయ ప్రమాణం కూడా. పెద్ద ప్రచురణ సంస్థల జర్నళ్లు చాలావరకు అడుగుతాయి. దాన్నీ మొక్కుబడిగా నింపవచ్చు. ‘రచయితలందరూ సమానంగా కృషి చేశారు’ అని 9 మంది పేర్ల కింద కనబడితే ఎవరూ చెప్పదలచుకోలేదనే అర్థం. అయినా అచ్చులో ‘విశ్లేషణ చేసింది ఫలానావారు’ అని ఉంటే ఇంటర్వ్యూలో ఆ విశ్లేషణ గురించి అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

పేరు సరిగ్గా పడకపోతే చేసిన పని కూడా పోతుంది. తెలుగువాళ్లకు ఇది ప్రత్యేకమైన తలనొప్పి. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. డేటాబేస్‌లు చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాయి. ‘కె. శ్రీనివాస్ రెడ్డి’ అన్న ఊహాపేరు ఒక జర్నల్‌లో ‘రెడ్డి కె.ఎస్.’ అవుతుంది, ఇంకోచోట ‘శ్రీనివాస్ కె.’, ఇంటిపేరు పూర్తిగా రాస్తే మూడోది. ఒక మనిషి ముగ్గురవుతాడు, సైటేషన్లు మూడు ముక్కలవుతాయి. మరోవైపు ‘రెడ్డి కె.ఎస్.’లు, ‘రావు పి.వి.’లు వందలమంది ఒక్కరైపోతారు. శ్రీనివాస్‌ను ఇంగ్లిషులో రెండు మూడు స్పెల్లింగులతో రాసేవాళ్లున్నారు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న మహిళలకు పాత పత్రాలు వేరొకరివైపోతాయి. మొదటి పత్రం రోజే ఒక రూపం, ఒక స్పెల్లింగ్ ఎంచుకుని ఇక మార్చకపోవడం మేలు.

ఆర్కిడ్ సంఖ్య, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, తీసుకోవడం ఉచితం. 16 స్థానాలు, నాలుగేసి అంకెల నాలుగు గుంపులు. చివరిది తనిఖీ అంకె, ఒక్కోసారి అంకెకు బదులు ఎక్స్ అక్షరం ఉంటుంది, అచ్చుతప్పు కాదు. పాత పేర్లు, ఇతర స్పెల్లింగులు అందులో నమోదు చేసుకోవచ్చు. ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఆర్కిడ్ మనిషిని గుర్తిస్తుంది గానీ పనిని ధ్రువీకరించదు. జాబితాలో ఎవరికి వారే పత్రాలు చేర్చుకోగలరు. ఒక్కో పత్రం కింద అది ఎవరు చేర్చిందో రాసి ఉంటుంది, కమిటీలు అది చూడాలి. గూగుల్ స్కాలర్‌లో కొత్త వ్యాసాలను దానంతటదే చేర్చే సెట్టింగ్ ఆపేసి, ముందు మెయిల్ పంపమని పెట్టుకోవాలి. లేకపోతే ఇంకో రెడ్డిగారి గుండె ఆపరేషన్ పత్రం మీ రసాయన శాస్త్రంలో వచ్చి కూర్చుంటుంది. స్కోపస్‌లో రెండుగా చీలిన ప్రొఫైళ్లను కలపమని కోరే వీలుంది.

సంస్థ చిరునామాకూ ఇదే గతి. 2021 ఆగస్టులో జిల్లాల పేర్లు మారాక కొందరు వరంగల్ అని, కొందరు హనుమకొండ అని రాస్తున్నారు. విశ్వవిద్యాలయం పేరు పూర్తిగా ఒకరు, పొడి అక్షరాల్లో ఒకరు. అలా చెదిరిన పత్రాలు సంస్థ లెక్కలో సరిగ్గా చేరవు. విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ర్యాంకులైన ఎన్ఐఆర్ఎఫ్‌లో విశ్వవిద్యాలయాలకు పరిశోధన విభాగం బరువు 100లో 30 అని తెలిసినవాళ్లు కూడా చిరునామా ఎలా రాయాలో ఒక సర్క్యులర్ ఇవ్వరు.

చివరగా తెలుగు, చరిత్ర వంటి శాఖల సంగతి. అక్కడ సహరచయితల గొడవ తక్కువ, కొలత గొడవ ఎక్కువ. అదే 2018 పట్టికలో ఒక పూర్తి పుస్తకాన్ని అనువదిస్తే 8 పాయింట్లు. ఆర్ట్స్‌లో మూడు పత్రాల్లో మధ్య పేరుగా ఉంటే 3 చొప్పున 9. ఏళ్ల తరబడి తాళపత్ర ప్రతులు పోల్చి, పాఠాంతరాలు తేల్చి ఒక గ్రంథాన్ని పరిష్కరించినవారికి విడిగా వరుసే లేదు. రచయిత కిందో, సంపాదకుడి కిందో సర్దుకోవాలి. ఈ పట్టిక గీసినవాళ్లు భాషా శాఖల వైపు చూసి గీసింది కాదు.

2025 ఫిబ్రవరిలో యూజీసీ తాను గుర్తించిన జర్నళ్ల జాబితా అయిన కేర్‌ను నిలిపేసింది. ఏ జర్నల్ మంచిదో సంస్థలే తేల్చుకోవాలని సూచనాత్మక ప్రమాణాలు ఇచ్చింది. అంటే ప్రమోషన్, నియామకాల ఫారాలను ప్రతి విశ్వవిద్యాలయం ఎలాగూ మళ్లీ దిద్దాలి. కాకతీయ, శాతవాహన, తెలంగాణ విశ్వవిద్యాలయాల అధికారులకు మా విజ్ఞప్తి ఒక్కటే. ప్రచురణల పట్టికలో ఒక గడి చేర్చండి: ‘ఈ పత్రంలో మీరు చేసిన పని, రెండు వాక్యాల్లో’. దాని పక్కన కరస్పాండింగ్ రచయిత సంతకం గానీ, పత్రంలో అచ్చయిన పాత్రల వివరణ పేజీ సంఖ్య గానీ. దరఖాస్తుదారు ఎంచుకున్న 5 పత్రాలకు ఇది అడిగినా చాలు. ఇంటర్వ్యూలో ఆ రెండు వాక్యాల మీదే ప్రశ్నలు వేయాలి. పాయింట్ల నిబంధన యూజీసీది, దాన్ని ఇక్కడ మార్చలేం. ఫారంలో గడి చేర్చడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

మీ విలేకరులకు కూడా చిన్న మనవి. ఫలానావారికి ఇన్ని సైటేషన్లు, ఇన్ని ప్రచురణలు అని ప్రెస్‌నోట్ వచ్చినప్పుడు, అందులో మొదటి పేరుగా ఎన్ని, అందులో ముఖ్యమైన పత్రం ఏది, దానిలో వారు చేసిన పని ఏమిటి అని అడిగి రాయండి. 2 శాతం జాబితా అయితే జీవితకాలానిదా, ఒక్క ఏడాదిదా అని కూడా. పాత్రల వివరణ ఉన్న పత్రాల్లో అది సాధారణంగా చివర, రిఫరెన్సులకు కాస్త ముందు ఒక పేరాగా ఉంటుంది. దొరక్కపోతే ఏ కళాశాల లైబ్రేరియన్‌ను అడిగినా తీసి చూపిస్తారు.

ఇట్లు,
పరిశోధన పద్ధతులు బోధించే కొందరు అధ్యాపకులు, గ్రంథాలయ ఉద్యోగులు
హనుమకొండ